రేకు మీద మొదటి పూత

పాత కారును తిరిగి నిలబెట్టే పనిలో ఒట్టి రేకును నేరుగా తాకే పూత ఎపాక్సీ ప్రైమర్. దాని మీద పుట్టీ, సర్ఫేసర్, రంగు, క్లియర్ కోటు వరసగా పడతాయి. పై పూతల్లో ఏది చెడినా రుద్ది మళ్లీ వేసుకోవచ్చు. అడుగు పూత రేకును వదిలేస్తే పైనున్నవన్నీ దానితోపాటే ఊడివస్తాయి, పని మళ్లీ మొదటికి వస్తుంది. రంగుల కొట్టులో వినిపించే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ కంపెనీది మంచిది? దానికంటే ముందు మూడు విషయాలు తేలాలి. రేకు ఏ స్థితిలో ఉంది, ప్రైమర్ మీద ఏం పడబోతోంది, ప్రైమర్‌కూ దాని పై పూతకూ మధ్య ఎన్నాళ్లు గడుస్తుంది. గీత పడ్డ కొత్త కారు విషయంలో మూడో ప్రశ్న పుట్టదు, ఒకటి రెండు రోజుల్లో అంతా అయిపోతుంది. పాత కారు పని నెలల తరబడి సాగుతుంది. అందువల్ల దానికి ప్రైమర్ ఎంచుకునేవారు అన్నిటికంటే ముందు రోజుల లెక్క వేసుకోవాలి.

మన దగ్గర ఈ పనికి తరచుగా వచ్చే బళ్లు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది, 2014 దాకా సాగించింది. ఫియట్ 1100 డిలైట్‌ను ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి ముంబయిలోని కుర్లాలో తయారుచేసింది. పద్మిని అన్న పేరు దానికి 1970ల్లో వచ్చింది. ఈ రెండు బళ్లకూ విడిగా ఛాసిస్ ఉండదు. నేలరేకు, తలుపుల కింది సిల్లులు, చక్రాల మీది ఆర్చీలు కలిసి బరువు మోస్తాయి, కాబట్టి రేకు బలమే బండి బలం. తుప్పు ముందుగా పట్టేది కూడా ఈ చోట్లలోనే. తలుపు అడుగున నీళ్లు పోయే కంతలు మట్టితో పూడుకుపోయిన చోట, రబ్బరు మ్యాట్ కింద తడి నిలిచిన నేలరేకు మీద, డిక్కీలో స్టెప్నీ కింద, అద్దం చుట్టూ ఉండే రబ్బరు అంచున అది మొదలవుతుంది. పైన రంగు ఉబ్బి కనిపించేసరికి కింద రేకు జల్లెడైపోయి ఉంటుంది.

ఇప్పటి కార్లకు ఈ రక్షణ ఫ్యాక్టరీలోనే అందుతుంది. నీళ్లలో కలిపిన ప్రైమర్ తొట్టిలో బాడీ మొత్తాన్ని ముంచి కరెంటు పారిస్తారు. ప్రైమర్ లోపలి సందుల్లోకీ వెళ్లి రేకును పట్టుకుంటుంది, తర్వాత దాన్ని ఓవెన్‌లో వేడికి గట్టిపరుస్తారు. బాడీని కాథోడ్‌గా వాడే పద్ధతిని కార్ల పరిశ్రమలో పీపీజీ సంస్థ 1976లో ప్రవేశపెట్టింది. ఆ తొట్టిలో వాడే రెజిన్ ఎపాక్సీ కుటుంబానిదే. మామూలు షెడ్డులో అలాంటి తొట్టీ ఓవెనూ ఉండవు. అక్కడ దొరికేవాటిలో ఆ రక్షణకు బాగా దగ్గరగా వచ్చేది రెజిన్, హార్డెనర్ అన్న రెండు డబ్బాలు కలిపి స్ప్రే గన్‌తో వేసే ఎపాక్సీ ప్రైమరే.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి, ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. రేకు మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంటుంది. పక్కనే ఇంకోచోట నీరు, ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను తీసుకొని క్షారంగా మారుతుంటాయి. ఈ రెండు చోట్ల మధ్య తడిలో అయాన్లు కదులుతున్నంతకాలం పని ఆగదు. ఏ రంగూ నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. ఎపాక్సీ మాత్రం రెండు రకాలుగా అడ్డుపడుతుంది. దాని అణువులు దట్టంగా అల్లుకొని అయాన్ల దారి మూస్తాయి. వాటిలోని హైడ్రాక్సిల్ సమూహాలు లోహం పైనున్న సన్నని ఆక్సైడ్ పొరను గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి తడి చేరి నిలవడానికి అడుగున చోటు దొరకదు.

గేట్లకు, కిటికీ గ్రిల్లులకు వేసే రెడాక్సైడ్‌నే కారు రేకుకూ వేసే అలవాటు చాలా షెడ్డుల్లో ఉంది. అది సాధారణంగా ఆల్కిడ్ రెజిన్‌తో చేసిన ప్రైమర్, గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా ఆరుతుంది. దానిమీద టూకే రంగు, అంటే హార్డెనర్ కలిపి వాడే రెండు డబ్బాల రంగు వేస్తే అందులోని ఘాటైన థిన్నరుకు మెత్తబడి ముడతలు లేస్తుంది. తుప్పు దగ్గర పుట్టే క్షారం ఆల్కిడ్‌ను విడగొడుతుంది కూడా. అంటే సరిగ్గా కాపాడాల్సిన చోటే అది చేతులెత్తేస్తుంది. ఇంకో పాత పద్ధతి ఎచ్ ప్రైమర్. పాలీవినైల్ బ్యూటిరాల్ రెజిన్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి చేసే ఈ పూత పది మైక్రాన్ల మందమే ఉంటుంది. రేకును సన్నగా కొరికి పట్టుకుంటుంది కానీ, నీటిని ఆపేంత మందం దానికి లేదు. దానిమీద ఎపాక్సీ వేద్దామన్నా చిక్కే. మిగిలిన ఆమ్లం ఎపాక్సీ హార్డెనర్‌లోని అమీన్‌తో కలిసిపోయి, అడుగున పూతను గట్టిపడనివ్వదు. చాలా కంపెనీలు ఈ జోడీ వద్దనే చెబుతాయి. రేకు మీద ఎచ్ ప్రైమరో ఎపాక్సీయో ఏదో ఒకటే ఉండాలి. నెలల తరబడి సాగే పనికి ఎపాక్సీయే సరైనది.

ఎపాక్సీ ప్రైమర్లన్నీ ఒకటి కావు. మొదటి తేడా హార్డెనర్‌లో ఉంటుంది. పాలీఅమైడ్ హార్డెనర్‌ను కొవ్వు ఆమ్లాల నుంచి తయారుచేస్తారు. అది నిదానంగా గట్టిపడుతుంది, పూతకు కొంత సాగే గుణం ఇస్తుంది, నీటికి బాగా ఓర్చుకుంటుంది. అమీన్ రకాలు త్వరగా గట్టిపడతాయి, రసాయనాలకు తట్టుకుంటాయి. కానీ చల్లగా, తేమగా ఉన్న గాలిలో అమీన్ పైకి వచ్చి కార్బన్ డయాక్సైడ్‌తో, తడితో కలిసి తెల్లని జిడ్డు పొరగా తేలుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి తీసేయకుండా పైన ఇంకో పూత వేస్తే అది పట్టుకోదు. కుదుపులు తినే పాత బాడీకి, కోస్తా గాలికి పాలీఅమైడ్ రకమే నమ్మకమైనది.

రెండో తేడా పిగ్మెంట్‌లో ఉంటుంది. తుప్పును ఆపడంలో ఒకప్పుడు జింక్ క్రోమేట్, స్ట్రాన్షియం క్రోమేట్‌లకు సాటి లేదు, విమానాలకు వాటినే వాడేవారు. వాటిలోని హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. పూత వేసేటప్పుడూ, ఏళ్ల తర్వాత దాన్ని ఎవరో రుద్దేటప్పుడూ ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏ కారూ అంత ఖరీదు చేయదు, క్రోమేట్ ఉన్న డబ్బాను పక్కన పెట్టేయాలి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది జింక్ ఫాస్ఫేట్, కారుకు కావలసింది అదే. జింక్ రిచ్ ఎపాక్సీ అని ఇంకొకటి దొరుకుతుంది. ఆరిన పూతలో అధిక భాగం జింక్ పొడే ఉంటుంది కాబట్టి వంతెనలకు, ట్యాంకులకు, ఓడలకు అది గొప్ప రక్షణ. కానీ అది బ్లాస్టింగ్ చేసిన గరుకు ఉక్కు మీదనే పనిచేస్తుంది. పూత గరుకుగా వస్తుంది, పుట్టీకి, నునుపైన రంగుకు ఆధారంగా పనికిరాదు. పేరులో జింక్ ఉందని రెండిటినీ ఒకటే అనుకోకూడదు.

మూడో తేడా పరిశ్రమల రకానికీ ఆటోమోటివ్ రకానికీ మధ్య ఉంది. హార్డ్‌వేర్ కొట్లలో దొరికే ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ చవక, తుప్పును బాగానే ఆపుతుంది. అది పైపులైన్లకు, షెడ్ల స్తంభాలకు తయారైనది. పిగ్మెంట్ రేణువులు పెద్దవి, పూత మందం, ఆరడం నెమ్మది. పైన టూకే సర్ఫేసర్ పడితే ఏమవుతుందో ఆ డబ్బా కంపెనీ పరీక్షించి ఉండదు. నేలరేకు అడుగుభాగం, వీల్ ఆర్చీల లోపలివైపు లాంటి చోట్ల దాన్ని వాడితే తప్పులేదు. బానెట్, తలుపులు, మడ్‌గార్డులు, టాప్ లాంటి కంటికి కనబడే రేకులకు ఆటోమోటివ్ రకమే కొనాలి. పుట్టీ, సర్ఫేసర్, రంగు వరకు అన్నీ ఒకే కంపెనీ వరసలోంచి తీసుకుంటే ఒకటి మరొకదాన్ని లేపుతుందన్న భయం ఉండదు.

ఇక కాలం లెక్క. ప్రతి ఎపాక్సీ ప్రైమర్‌తోపాటు కంపెనీ ఒక సాంకేతిక పత్రం ఇస్తుంది, షెడ్డుల్లో దాన్ని టీడీఎస్ అంటారు. అందులో తప్పక చూడాల్సింది రీకోట్ గడువు. మొదటి పూత వేశాక తర్వాతి పూతను ఎప్పటినుంచి వేయవచ్చో, రుద్దకుండా ఎప్పటిదాకా వేయవచ్చో అది చెబుతుంది. ఈ గడువులో పూత ఇంకా పూర్తిగా ముడిపడి ఉండదు. పైన పడిన పూత దానిలోకి కొద్దిగా ఇంకి, రెండూ రసాయనికంగా కలుస్తాయి. గడువు దాటాక ఉపరితలం మూసుకుపోతుంది. అప్పుడు ఎమెరీ పేపర్‌తో గరుకు చేస్తేనే పైపూత నిలుస్తుంది. గడువు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి ఒక రోజు, కొన్నిటికి వారం.

దీని ప్రభావం పని మధ్యలో తెలుస్తుంది. సిల్లు కొత్తగా వెల్డింగ్ చేసి, బ్లాస్టింగ్ చేసి, సాయంత్రానికి ప్రైమర్ వేశారనుకుందాం. మర్నాడు సందులకు సీమ్ సీలర్ పెట్టాలి, ఆ తర్వాత తలుపు బిగించి సందు సరిచూడాలి, వంపులకు పుట్టీ వేయాలి. ఈ పనులు ఒక్క రోజులో తెమలవు. ఇరవైనాలుగు గంటల గడువున్న ప్రైమర్ కొన్నవారు మళ్లీ బాడీ అంతా రుద్దాలి. సందుల్లో, మూలల్లో, బ్రాకెట్ల వెనక చెయ్యి దూరదు, రుద్దని ఆ చోట్లే తర్వాత పొట్టు లేస్తుంది. వారం గడువున్న రకం కొంటే సీలర్, పుట్టీ అన్నీ గడువులోనే పూర్తవుతాయి. లీటరుకు ధర కొంత ఎక్కువైనా రుద్దే కూలీ మిగులుతుంది, సందులు భద్రంగా ఉంటాయి. ఇంటిదగ్గర ఆదివారాలు మాత్రమే పనిచేసేవారికైతే దీనికి మించిన ప్రమాణం లేదు. అంత గడువులోనూ పని తెమలదని తెలిస్తే బాడీ మొత్తాన్ని ఒకేసారి ప్రైమ్ చేయకుండా ఒక్కో రేకునూ విడిగా పూర్తిచేయడం మంచిది.

పుట్టీని ఒట్టి రేకు మీద వేయాలా, ఎపాక్సీ మీద వేయాలా అన్నది పాత వాదం. పాలిస్టర్ పుట్టీ తేమను పీల్చుకుంటుంది. దాని కింద ఎపాక్సీ ఉంటే ఆ తేమ రేకును చేరదు. అందుకే ముందు ఎపాక్సీ, గడువులో పుట్టీ, పుట్టీ రుద్దేటప్పుడు రేకు బయటపడిన చోట మళ్లీ ఎపాక్సీ, ఆపైన టూకే సర్ఫేసర్ అన్న వరస పాత కారుకు బాగా సరిపోతుంది. రుద్ది సమం చేసే పనిని ఎపాక్సీకి అప్పగించకూడదు. అది జిగటగా ఉండి పేపరుకు అంటుకుంటుంది. ఆ పని కోసమే సర్ఫేసర్ ఉంది.

ఎంత మంచి ప్రైమరైనా రేకు సిద్ధంగా లేకపోతే వృథా. గుంటలు పడిన నేలరేకు, సిల్లులు, లోపలి చట్రాలకు బ్లాస్టింగ్ కావాలి. మామూలు ఇసుక ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు ప్రమాదం, దానికి బదులు గార్నెట్ వాడాలి. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా తీరంలో ఇల్మనైట్‌తోపాటు దొరికే ఎర్రని ఖనిజం ఇదే. టాప్, బానెట్, తలుపుల వంటి వెడల్పాటి పలుచని రేకులను బ్లాస్టింగ్ ఒత్తిడికి గురిచేస్తే అలలుగా వంగిపోతాయి. వాటికి పెయింట్ రిమూవర్ గానీ 80 నంబరు డిస్కు గానీ చాలు. తుప్పు మార్చే ఫాస్ఫారిక్ ద్రావణం వాడితే దాని అవశేషం మిగలకుండా కడిగి, ఆరబెట్టి, రుద్దాలి. కొన్ని ఎపాక్సీలు దాన్ని అసలే ఒప్పుకోవు, ఆ విషయం టీడీఎస్‌లో ఉంటుంది. శుభ్రం చేసిన రేకును ఒట్టి చేత్తో తాకకూడదు. చెమటలోని ఉప్పుకు మర్నాటికి వేలిముద్రల ఆకారంలోనే తుప్పు లేస్తుంది. గ్రీజు తీసే ద్రావణాన్ని ఒక గుడ్డతో పూసి, అది ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవాలి. ఆరనిస్తే జిడ్డు ఉన్నచోటే మళ్లీ పేరుకుంటుంది. ఒట్టి రేకుకు అదే రోజు ప్రైమర్ పడాలి.

వాతావరణం కూడా ఎంపికలో భాగమే. రేకు ఉష్ణోగ్రత మంచుబిందువు (గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలన్నది పరిశ్రమల్లో పాటించే నియమం. విశాఖలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున మంచుబిందువు దాదాపు 26 డిగ్రీలు. తెల్లవారుజామున రేకు ఇంకా 27 డిగ్రీల దగ్గరే ఉంటే కంటికి కనిపించని తడి దానిమీద ఉన్నట్టే లెక్క. అలాంటి రోజున ఎండ వచ్చి రేకు కాస్త వేడెక్కాకే గన్ పట్టాలి. హైదరాబాద్ వేసవిలో చిక్కు వేరు. 38 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉంటే మంచుబిందువు 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది, తడి భయం లేదు. కానీ గన్ నుంచి బయటపడిన తుంపర రేకు చేరేలోపే ఆరి పొడిగా పడుతుంది. కలిపిన ప్రైమర్ కప్పులో నిలిచే సమయం కూడా ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగానికి పడిపోతుంది. నిదానంగా ఆరే థిన్నరు వాడి, ఉదయం గానీ సాయంత్రం గానీ పనిచేయాలి. చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగితే గట్టిపడటం బాగా మందగిస్తుంది, టీడీఎస్‌లో రాసిన గంటలు అప్పుడు వర్తించవు.

కలపడంలో ఎక్కువ ప్రైమర్లు చెడేది హార్డెనర్ దగ్గర. పాలిస్టర్ పుట్టీలో హార్డెనర్ కాస్త ఎక్కువ పెడితే త్వరగా గట్టిపడుతుంది, ఎందుకంటే అక్కడ పెరాక్సైడ్ చర్యను మొదలుపెట్టడానికే ఉంది. ఆ అలవాటు ఎపాక్సీలో పనికిరాదు. ఇక్కడ హార్డెనర్ పూతలోనే ఒక భాగం, రెజిన్‌లోని ప్రతి ఎపాక్సీ కొనకూ ఒక అమీన్ హైడ్రోజన్ లెక్కన జత కుదరాలి. 4:1 నిష్పత్తి అంటే 800 మిల్లీలీటర్లకు 200. అక్కడ 250 పోస్తే జత దొరకని అమీన్ పూతలో మిగిలి నీటిని లాక్కుంటుంది, పూత మెత్తగా ఉండిపోతుంది. కలిపే ముందు రెజిన్ డబ్బా అడుగున పేరుకున్న పిగ్మెంట్‌ను వెడల్పాటి చెక్కతో గీకి, గడ్డ మిగలకుండా కలియబెట్టాలి. పైపైన వంచుకుంటే తుప్పును ఆపే జింక్ ఫాస్ఫేట్ డబ్బాలోనే ఉండిపోతుంది. కొన్ని రకాలను కలిపాక పావుగంట నుంచి అరగంట పక్కన ఉంచాలి, అది కూడా పత్రంలోనే ఉంటుంది.

ఎంత కొనాలో ముందే లెక్కించవచ్చు. ఆరాక 50 మైక్రాన్ల పూత కావాలి, కలిపిన ప్రైమర్‌లో ఘనపదార్థం ఘనపరిమాణంలో 50 శాతం అనుకుంటే, లీటరుకు 10 చదరపు మీటర్లు వస్తుంది. స్ప్రేలో గాలికి పోయేది 40 శాతం తీసేస్తే 6 చదరపు మీటర్లు మిగులుతుంది. లోపలా బయటా కలిపి 30 చదరపు మీటర్ల రేకుకు 5 లీటర్లు కావాలి. చవక డబ్బాలో ఘనపదార్థం 35 శాతమే ఉంటే అదే పనికి 7 లీటర్లకు పైగా పడుతుంది. లీటరు ధర చూసి పోల్చేవారికి కనిపించని ఖర్చు ఇది.

ఎంపిక సరైనదో కాదో ఒక ముక్క రేకు మీద తేల్చుకోవచ్చు. బాడీతోపాటే దాన్నీ సిద్ధంచేసి, అదే పూత వేసి, వారం ఉంచాలి. తర్వాత పదునైన బ్లేడుతో ఆరు నిలువు గీతలు, ఆరు అడ్డ గీతలు రేకు తగిలేలా గీస్తే 25 గడులు వస్తాయి. 60 మైక్రాన్ల లోపు పూతకు గీతల మధ్య 1 మిల్లీమీటరు, అంతకు మించితే 2 మిల్లీమీటర్లు ఉండాలి. దానిమీద గట్టి టేపు అంటించి లాగాలి. ఐఎస్ఓ 2409 ప్రమాణం ప్రకారం ఒక్క గడి కూడా ఊడకుండా అంచులు నున్నగా ఉంటే 0, బాగా ఊడిపోతే 5. ముక్క మీద 0 లేదా 1 రాకపోతే బాడీ మీద తర్వాతి పూతకు వెళ్లకూడదు. గడులు రేకు దాకా ఊడివస్తే శుభ్రతలో లోపం. రెండు పూతల మధ్య విడిపోతే గడువు తప్పినట్టు.

పనివాడి ఒళ్లు కారు కన్నా ముఖ్యం. గట్టిపడని ఎపాక్సీ, హార్డెనర్ చర్మానికి తగులుతుంటే ఎలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చాక కొద్దిపాటి స్పర్శకే తిరగబెడుతుంది, జీవితాంతం వదలకపోవచ్చు, చాలామంది ఆ పని మానుకోవాల్సి వస్తుంది. నైట్రైల్ గ్లోవ్స్, ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి, ముఖానికి కట్టుకున్న చేతిరుమాలు ఆవిరిని ఆపదు. చేతులు థిన్నరుతో కడగకూడదు, అది రెజిన్‌ను చర్మంలోకి ఇంకా లోపలికి పంపుతుంది. సబ్బు, నీళ్లు వాడాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి వాటిని పొడిగా రుద్దకుండా తడిపి రుద్దాలి.

చివరగా, ఎపాక్సీ ఎండకు ఆగదు. అతినీలలోహిత కిరణాలకు దాని పైపొర సుద్దలా పొడి రాలుతుంది. డబ్బు సమకూరేదాకా ప్రైమర్‌తోనే బండిని బయట నిలిపేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎండ తగలని షెడ్డులో ఉంచితే ఎపాక్సీ పూసిన బాడీ నెలల తరబడి భద్రంగా ఉంటుంది. తిరిగి పని మొదలుపెట్టినప్పుడు బాడీని కడిగి, 180 నుంచి 320 నంబరు పేపర్‌తో రుద్ది, తిరిగి ఒక పలుచని ఎపాక్సీ పూత వేస్తే కొత్త గడువు మొదలవుతుంది. వేసిన తేదీ, సమయం, ఆ రోజు వేడి, కలిపిన నిష్పత్తి ఒక పుస్తకంలో రాసుకుంటే ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో ఊహించాల్సిన పని ఉండదు.